వరండా బోర్డు మీద ఒకటి

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు చిత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. ఆరోగ్యశాఖలో కంప్యూటరు మీద లెక్కలు కూర్చే ఉద్యోగం ఆ పిల్లది. ఇంటికొచ్చినా ఒళ్లో ఆ పెట్టె తెరుచుకునే కూర్చుంటుంది, అన్నానికి పిలిస్తే ఒక్క నిమిషమని అరగంట కూర్చోబెడుతుంది. అలా కూర్చుని ఒకసారి గట్టిగా విసుక్కుంది. పక్క రాష్ట్రానికి పంపే జబ్బుల పట్టికలో ఏ ఊరికైనా అంకె మరీ చిన్నదైతే ఆ యంత్రం దాన్ని చూపించదట, ఆ గడిలో నక్షత్రం గుర్తొకటి పెట్టి ఊరుకుంటుందట. ఒకటో రెండో ఉంటే ఉన్నట్టు చూపిస్తే ఏం కొంప మునుగుతుంది మామా అని నన్నడిగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఏ కొంప మునుగుతుందో నాకు తెలుసు. నా ఎడమ చెవి ఎందుకు వినపడదో ఇంట్లో వాళ్లకు ఇన్నాళ్లూ నేను చెప్పుకొచ్చిన కారణం వేరు, అసలు కారణం వేరు.

అది తొంభైల నడిమి కాలం. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎయిడ్స్ అన్న పేరు గోడల మీద బారెడు అక్షరాలతో రాసేవారు గానీ నోటితో మాత్రం ఎవరూ అనేవారు కాదు. నేను చిత్తూరుకూ తమిళనాడు సరిహద్దుకూ మధ్యనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. ఆ ఊరి పేరు రాయను, ఎందుకు రాయనో పోను పోను మీకే తెలుస్తుంది. మా ఆసుపత్రి వరండాకు జ్వరాలకంటే దెబ్బలే ఎక్కువగా వచ్చేవి. బోరింగు దగ్గర మాటా మాటా పెరిగి బుర్ర పగిలినవాడు, మామిడితోట హద్దు తగాదాలో కొడవలి వేటు తిన్నవాడు, మొగుడు తాగొచ్చి చెయ్యి విరిస్తే మెట్లమీదనుంచి జారి పడ్డానని చెప్పే ఇల్లాలు, రోజూ ఎవరో ఒకరు. కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ ఒకే ట్రాక్టరులో వచ్చి ఒకే బల్లమీద కూర్చునేవారు. వాళ్లకు కుట్లు వేసే గదిలో సాయం పట్టి పట్టి నెత్తురంటే నాకు బెరుకు పోయిందని అనుకునేవాణ్ణి.

నాకు ఒకటే గర్వం, నా దస్తూరి. అదీ దెబ్బలతో వచ్చిందే. మా నాయన బడిపంతులు, అక్షరం గీత దాటితే రూళ్లకర్రను నిలువుగా తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఒకసారి ‘ఋ’ సరిగా తిరగలేదని నా తలను గోడకు వేసి కొడితే మా అమ్మ అడ్డమొచ్చి తనూ రెండు తిన్నది. మొత్తానికి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నా అక్షరాలు ముత్యాలయ్యాయి. పెళ్లి పత్రికల మీద పేర్లు రాయించుకోవడానికి ఊరివాళ్లు వరస కట్టేవాళ్లు. ఉద్యోగంలో చేరాక ఆ ముత్యాలన్నీ వరండా గోడమీది నల్లబోర్డుకు పోయాయి.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. అప్పట్లో మన ఆరోగ్య కేంద్రాలన్నింట్లో ఉండేదే, ఒక పక్కన ఊళ్ల పేర్లు, పైన జబ్బుల పేర్లు, మధ్యలో గళ్లు. మలేరియా ఎందరికి, క్షయ ఎందరికి, కుష్ఠు ఎందరికి, ఏ ఊళ్లో ఎన్ని కాన్పులు, అన్నీ నెలనెలా సుద్దముక్కతో రాయాలి. చీటీ రాయించుకునేవాళ్లు ఆ బోర్డు కిందనే బల్లమీద కూర్చుని కాలక్షేపానికి దాన్ని చదివేవాళ్లు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నాకు పన్ను ఊడిన నోరు చూసినట్టుండేది, అందుకని లేనిచోట సున్నా అయినా గుండ్రంగా చుట్టి పెట్టేవాణ్ణి. అంకెలంటే నాకు అంకెలే, వాటి వెనక మనుషులున్నారని తెలియక కాదు, తెలిసినా బోర్డు అందంగా ఉండటమే నాకు ముఖ్యంగా తోచేది.

మా వైపు జనానికి కాస్త పెద్ద జబ్బు వస్తే చిత్తూరుకంటే సరిహద్దు దాటి తమిళ ఊళ్లకు పోవడమే అలవాటు. బస్సు నేరుగా ఉంటుంది, పైగా మనవాళ్లెవరూ చూడరని ఒక ధైర్యం. దాంతో మా మనుషుల రక్తపరీక్షల ఫలితాలు అక్కడే ఉండిపోయేవి, వాళ్ల వైపు నుంచి మన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలకు కూలికి వచ్చేవాళ్ల జబ్బులు మన దగ్గర తేలేవి. రెండు వైపుల పెద్దలూ మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేశారు. పేర్లు లేకుండా, ఊళ్లు లేకుండా, మండలానికి ఇందరని మొత్తం మాత్రం రాసి లక్క సీలు వేసిన కవరులో నెలకొకసారి ఇచ్చిపుచ్చుకోవాలి. పోస్టులో వెయ్యకూడదు, మనిషి చేతి నుంచి మనిషి చేతికే. మా వైపు ఆ మనిషిని నేను. వాళ్ల వైపు నాకంటే పదేళ్లు పెద్దాయన ఒక గుమాస్తా వచ్చేవాడు. చెక్‌పోస్టు దగ్గర టీ అంగట్లో కలుసుకునేవాళ్లం. ఆయన తెలుగులో సగం తమిళం, నా తమిళంలో ముప్పాతిక తెలుగు. కవర్లు మార్చుకుని సంతకాలు పెట్టుకున్నాక పిల్లల చదువులూ మోకాళ్ల నొప్పులూ మాట్లాడుకుంటూ ఒక బస్సు వదిలేసి ఇంకో బస్సుకు పోయేవాళ్లం.

ఆయన్ను నేనే పాడు చేశాను. మండలం మొత్తం ఒక్క అంకెగా వస్తే నేను దాన్ని ఏ గడిలో పెట్టను, ఊళ్లవారీగా ఉంటే కదా ఏ ఊళ్లో జాగ్రత్తలు చెప్పాలో తెలిసేది అని మూడు నెలలు ఆయన ప్రాణం తీశాను. ఊళ్లో జాగ్రత్తలు చెప్పాలన్న మాట అబద్ధం కాదు గానీ, ఖాళీ గళ్ల బాధ దానికంటే పెద్దది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. పెద్ద నంబరు అయితే నంబరు తంబీ, ఒకటి అంటే మనిషి, అనేవాడు. నాలుగో నెలలో నా పోరు పడలేక, సీలు కవరుతోపాటు జేబులోంచి ఒక చిన్న కాగితం తీసి నా చేతిలో పెట్టి నా వేళ్లు ముడిచాడు. చదివి చించెయ్యమన్నాడు. నేను సరేనన్నాను. బస్సులో విప్పి చూస్తే మా మండలం ఊళ్లన్నిటికీ ఎదురుగా సున్నాలు, ఒక్క పల్లెకు మాత్రం ఒకటి. ఆ పల్లెలో అరవై గడపలు కూడా ఉండవు.

చించేవాణ్ణేమో. సరిగ్గా ఆ వారమే మాకు తనిఖీ వచ్చింది. మా డాక్టరు కుర్రవాడు, చిత్తూరు నుంచి పదిగంటల బస్సుకొచ్చి రెండుగంటల బస్సుకు పోయే మనిషి, పెద్దాఫీసరు వస్తున్నాడనగానే ఆయనకు కంగారు పుట్టి, బోర్డు నిండుగా ఉండాలి, నీ దగ్గర ఏముంటే అది ఎక్కించు అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి. ఎర్ర సుద్దముక్కతో కొత్త నిలువు వరస గీసి, పైన ఆ జబ్బు పేరు రాసి, సున్నాలన్నీ చుట్టి, ఆ పల్లె ఎదురుగా ఒకటి వేశాను. ‘౧’ అని తెలుగంకె వేద్దామా అని కాసేపు ఆలోచించి, అందరికీ తెలియదేమోనని మామూలు ఒకటే వేశాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆఫీసరు వచ్చి బోర్డు ముందు నిలబడి ఈ దస్తూరి ఎవరిదని అడిగి నా భుజం తట్టి వెళ్లాడు. ఆ రాత్రి మా ఆవిడకు ఆ ముచ్చట మూడుసార్లు చెప్పాను.

తనిఖీ అయింది మంగళవారం. బుధవారం సంత. సంతకొచ్చినవాళ్లలో సగం మంది మా వరండాలో కూర్చుని పోతారు. పదో తరగతి తప్పిన ఒకడు బోర్డు పైకి చదివి వినిపించాడట. సాయంత్రానికి ఆ ఒకటి సంచుల్లో కూరగాయలతోపాటు పల్లెకు చేరింది. అరవై గడపల్లో ఆ ఒకటి ఎవరని వెతకడానికి ఎవరూ పెద్ద కష్టపడలేదు. ఆ పల్లెలో ఒక లారీ డ్రైవరుండేవాడు, బంగారుపాళ్యం నుంచి మామిడిగుజ్జు డబ్బాలు మద్రాసు హార్బరుకు తోలేవాడు. ఆర్నెల్లుగా మనిషి చిక్కిపోయాడు, కడుపునొప్పని చెప్పి రెండుసార్లు సరిహద్దు దాటి ఆసుపత్రికి పోయొచ్చాడు. ఇంక వాళ్లకు సాక్ష్యమెందుకు. గురువారం పొద్దెక్కాక ఆ దారిన పోయే బస్సు కండక్టరు మా దగ్గర దిగి, నర్సమ్మ మిమ్మల్ని ఉన్నపళంగా రమ్మంటోంది, పల్లెలో కొట్టుకుంటుండారు అని చెప్పాడు. ఆ నర్సమ్మ ఆ పల్లెలోనే చిన్న గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. మొగుడు లేని మనిషి, చర్చికి పోయే మనిషి, నాకంటే ఐదారేళ్లు పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి.

సైకిలు తొక్కుకుంటూ పోయాను. పల్లె మొదట్లోనే తెలిసింది, కుక్కలు కూడా మొరగడం మానేసి గోడలకు ఆనుకుని ఉన్నాయి. డ్రైవరును కరెంటు స్తంభానికి గొడ్లను కట్టే పలుపుతాడుతో కట్టేశారు. చొక్కా లేదు. వీపు మీద చింతబరికెల వాతలు ఒకదాని మీద ఒకటి పడి ఎక్కడికక్కడ చిట్లిపోయాయి. ఒక మోకాలు లోపలికి వంగిపోయి ఉంది, గడ్డపార వెనక్కి తిప్పి కొట్టారని తరువాత తెలిసింది. కొడుతున్నవాళ్లు దుండగులేమీ కాదు. నా దగ్గర జ్వరం మాత్రలు తీసుకున్నవాళ్లు, పిల్లలకు చుక్కలు వేయించుకున్నవాళ్లు, ఒకడైతే పోయిన నెలలోనే మా ఇంటికి గంపెడు మామిడికాయలు మోసుకొచ్చి ఇచ్చినవాడు. అందరిలోకీ ముందున్నది డ్రైవరు సొంత అన్న. అతను కొడుతూ ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నాడు గానీ చెయ్యి ఆపడం లేదు. డ్రైవరు పెళ్లాం చంటిబిడ్డతో ఇంట్లో ఉంది, బయట గొళ్లెం పెట్టేశారు. బోదగడ్డి కప్పు మీద అప్పటికే కిరసనాయిలు చల్లి ఉంది, ఆ వాసన వీధంతా కొడుతోంది. తలుపుకు అడ్డంగా నర్సమ్మ, అదే మా అక్క, రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. రాయి తగిలి నుదురు పగిలి, నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి దించలేదు, దించితే ఎవరైనా దూరతారని.

నన్ను చూడగానే కొట్టడం ఆగింది. సారొచ్చినాడు, సారొచ్చినాడు అని దారి ఇచ్చారు. డ్రైవరు తలెత్తి, పగిలిన పెదవులతో, నేను కాదని సెప్పు సార్, నీకు తెలుసు గదా, సెప్పు సార్ అన్నాడు. వాళ్లన్న వచ్చి నా సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. “మాకూ బిడ్డలుండారు సార్. ఆ ఒగటి వీడా కాదా, ఒక్క మాట సెప్పేసి పో. కాకుంటే ఇంకెవురో అదన్నా సెప్పు.” నాకు తెలియదు. నా దగ్గరున్నది అంకె మాత్రమే, పేరు ఆ కాగితంలో లేదు. ఆ సంగతే చెప్పాను, నాకు తెలీదప్పా అన్నాను. ఎవరూ నమ్మలేదు. రాసినవాడికి తెలియకుండా ఎట్లుంటుందని ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. కాదంటే ఇంకో గడపకు పోతారు, అవునంటే ఈ గడపకు నిప్పు పెడతారు.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నాకు మూడో దారి కనబడింది. ఆ అంకె నేను తప్పు రాశాను, పొరపాటున పక్క గడిది ఇక్కడ పడింది, మీ పల్లెలో ఎవరికీ ఏమీ లేదు అని ఒక్క ముక్క అంటే చాలు. వాళ్లు నన్ను నాలుగు తిట్టి, రెండు కొట్టి వదిలేసేవాళ్లు. పైనుంచి ఒక మెమో వచ్చేదేమో. ఆ మాట నా నాలుక చివరకొచ్చింది, దేవుడి సాక్షిగా వచ్చింది. రెండు రోజుల కింద ఆఫీసరు తట్టిన భుజం గుర్తొచ్చింది, నా లెక్క తప్పిందని నలుగురిలో నేనే ఎలా చెప్పుకోను అనిపించింది. ఎంతసేపు? మీరు ఊపిరి ఒకసారి పీల్చి వదిలేంతసేపు. ఆలోపల అన్న నా హ్యాండిలు వదిలేసి, నా మౌనాన్ని అవునని తీసుకుని, అగ్గిపెట్టె తీశాడు.

అప్పుడు అక్క గట్టిగా, పోలియో చుక్కలకు పిల్లల్ని పిలిచే గొంతుతో అంది. “ఆ ఒగటి నేనే. వాణ్ణి ఇడ్సిపెట్టండి. నేనే ఆడికి పోయి రకతం ఇచ్చొచ్చినాను. నాకే ఉండాది.” ఆమెను లాగేయడానికి చీర కొంగు పట్టుకుని ఉన్న ఒకామె ఆ కొంగు వదిలేసి, వంగి మన్ను తీసుకుని చేతులు రుద్దుకుంది. చేతికందే దూరంలో ఉన్న జనం పది అడుగులు వెనక్కి పోయారు. అక్క తిరిగి నింపాదిగా గొళ్లెం తీసింది, ఇంట్లో ఉన్న డ్రైవరు పెళ్లాన్ని బయటికి రమ్మంది. ఆ పిల్ల బిడ్డను ఎత్తుకుని, అక్కకు తగలకుండా తలుపుకు రాసుకుంటూ ఒక పక్కగా బయటికి వచ్చింది. అది నేను చూశాను. అక్క కూడా చూసింది.

జనం కోపమంతా తిరిగి ఆమె మీద పడటానికి ఎక్కువసేపు పట్టలేదు. మా బిడ్డలకు సూదులేసినావు గదే అని ఒక తల్లి మొదలుపెట్టింది. ఆమె గది తలుపు విరగ్గొట్టి మంచం, బట్టలు, టీకాల డబ్బా, రిజిస్టర్లు వీధిలో పడేసి, ఇంటి కప్పు కోసం తెచ్చిన కిరసనాయిలు వాటి మీద పోసి కాల్చారు. ఆమెను ముట్టుకోవడానికి భయం గనక కర్రలతో దగ్గరికి రాలేదు, రాళ్లే వేశారు. మేమిద్దరం మెయిన్ రోడ్డు దాకా నడిచాం. పరిగెత్తవద్దు తమ్ముడూ, పరిగెత్తితే ఎంట పడతారు అంది. వీపు మీద, పిక్కల మీద రాళ్లు తగులుతూనే ఉన్నాయి. మామిడితోట మలుపులో వచ్చిన ఒక కంకరరాయి నా ఎడమ చెవి మీద తగిలింది. వేడిగా ఏదో మెడలోకి కారింది, ఆ వైపు లోకమంతా ఆగిపోయింది. ఇప్పటికీ ఆగే ఉంది. అక్క తన రక్తం వదిలేసి నా చెవికి తన కొంగు అదిమి పట్టబోయి, ఏమనుకుందో ఏమో, చెయ్యి వెనక్కి తీసుకుని, నీ తువ్వాలుతో అదుముకో అంది.

పోలీసులు వచ్చారు, వెళ్లారు. ఊళ్లో అందరూ కొడితే ఎవరి మీద కేసు రాస్తామన్నారు. డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, ఆ బోర్డు తుడిచెయ్యి అన్నాడు. తడిగుడ్డతో తుడిచాను. ఎర్ర సుద్ద ఒకపట్టాన పోదు, ఆ నిలువు వరస చాలారోజులు గులాబీ రంగులో కనబడుతూనే ఉండింది. నేను పల్లెకు పోయి ఆ అంకె తప్పని ఇప్పుడైనా చెప్తానని అక్కతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్తే నేను అబద్ధమాడినాననుకుని మళ్లీ వాడి మీదికే పోతారు, నోరు మూసుకో తమ్ముడూ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మాట నాకు అనుకూలంగా ఉంది గనక దాన్ని తెలివైన మాటగా తీసుకున్నాను. నెల తిరగకుండా ఆమెను కార్వేటినగరం వైపు బదిలీ చేశారు. ఆమెకంటే ముందు ఆ మాట అక్కడికి చేరింది. అక్కడ కూడా రెండు ఊళ్లవాళ్లు పిల్లలకు సూదులు వేయించేది లేదని తలుపులేసుకున్నారని, అద్దెకు ఇల్లు దొరక్క ఆసుపత్రి వెనక గదిలోనే ఏడాది పాటు ఉందని విన్నాను.

మరుసటి నెల చెక్‌పోస్టు దగ్గర తమిళ గుమాస్తా నా చెవి కట్టు చూసి ఏమైందని అడిగాడు. దాచకుండా చెప్పాను. ఆయన టీ ముట్టుకోలేదు. కవరు నా ముందుపెట్టి, సంతకం తీసుకుని, వచ్చిన మొదటి బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తరువాత నెల నుంచి కవరు వేరే ఎవరో పట్టుకొచ్చేవారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, ఆయన తిట్టలేదు.

డ్రైవరుకు ఆ జబ్బు లేదు. పేగులో పుండట, మందులతో నయమైంది. కాలు మాత్రం కుంటి అయింది, అయినా లారీ తోలేవాడు. రెండు మూడేళ్లకు బంగారుపాళ్యంలో టీ అంగడి దగ్గర కనబడి, తనే పలకరించి టీ ఇప్పించాడు. వాళ్లన్నా తనూ మళ్లీ కలిసే ఉన్నారట, బిడ్డకు చెవులు కుట్టించారట. మాటల్లో నేను అక్క ప్రస్తావన తెచ్చాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, “మంచి మనిసే సార్, కాదనను. అయినా ఆయమ్మను మళ్లా మా పక్కకు మాత్రం ఏయొద్దని పెద్దసారుతో ఒక మాట సెప్పండి, బిడ్డలుండే ఊరు” అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి లేచాను. అతని మీద నాకు ఆవేళ వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. గ్లాసు తీసి మొహాన కొట్టాలనిపించింది. ఎవరి మొహాన కొట్టాల్సిందో బస్సెక్కి కూర్చున్నాక తెలిసింది.

అక్కను మళ్లీ చూసింది రెండు వేల సంవత్సరం దాటి చాలా ఏళ్లయ్యాక. రిటైరై తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు చిన్న ఇంట్లో ఉంటోందని తెలిసి వెళ్లాను. జుట్టంతా నెరిసింది గానీ మనిషి గట్టిగానే ఉంది. నుదుటి మీద మచ్చ ముడతల్లో కలిసిపోయింది. నన్ను చూసి సంబరపడి, ఏర్పేడు నుంచి తెప్పించిన పాలతో కాఫీ కలిపి స్టీలు గ్లాసులో తెచ్చి నా చేతికిచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఎన్నేళ్లుగానో లోపల పెట్టుకున్నది అడిగేశాను. అక్కా, ఆ రోజు నువ్వన్నది నిజమా అబద్ధమా అని. ఆమె నవ్వింది. “నువ్వేమనుకుంటా ఉండావు?” అంది.

గ్లాసు నా పెదవుల దాకా వచ్చి ఉంది. అక్కడ ఆగింది. ఊళ్లూళ్లూ తిరిగి, బొమ్మల చార్టు తగిలించి, ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, గ్లాసు మార్చుకుంటే రాదు అని వందలసార్లు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఆ చెయ్యి ఆగింది కంటిరెప్ప వేసేంతసేపే. అయినా ఆమె నర్సు, చేతులు చూసి బతికిన మనిషి. మెల్లగా నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. “సల్లారిపోయింది తమ్ముడూ, ఎచ్చబెట్టుకోనొస్తా” అని లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినపడలేదు చాలాసేపు. తిరిగి తెచ్చాక గుక్కతిప్పుకోకుండా తాగాను, నాలుక కాలింది. తాగుతున్నంతసేపూ ఆమె నావైపు చూడలేదు, గోడమీది క్యాలెండరు సరిచేస్తూ నిలబడింది. మేమిద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె పోయి కూడా నాలుగేళ్లయింది. వయసు మీరి పోయిందని వాళ్ల చర్చి పెద్ద చెప్పాడు, నేను వివరం అడగలేదు.

కాలం మారింది, మంచికే మారింది. ఆ జబ్బుకు మందులొచ్చాయి, ఉన్నవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటున్నారు. వరండాల్లో బోర్డులు పోయి రంగురంగుల పటాలొచ్చాయి. లెక్కలు కంప్యూటరు తీగల మీద తాళాలు వేసుకుని సరిహద్దులు దాటిపోతున్నాయి, టీ అంగట్లో చేతిలో పెట్టి వేళ్లు ముడిచే మనుషులతో పనిలేదు. ఇవన్నీ మన కాలంలోనే ఉంటే ఎంత బాగుండేదో మీకూ తోస్తుంది, నాకూ తోస్తుంది. ఆ పల్లెలో కొట్టినవాళ్లలో చాలామంది పోయారు, ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆమె పేరెత్తితే ఆ ఒకటినే తలుచుకుంటారని అటునుంచి వచ్చినవాళ్లు చెబుతుంటారు. వాళ్లకు చెప్పాల్సిన ముక్క నేను చెప్పకుండానే ముసలివాణ్ణయ్యాను. అందుకే ఇది రాశాను. ఆ రోజు బోర్డు మీద ఆ ఒకటి వేసింది నేను. అది ఎవరో నాకు తెలియదు, ఆమె అవునో కాదో కూడా తెలియదు, తెలుసుకోవలసిన అవసరం నాకు ఏనాడూ లేదు.